“12 లక్షల దాకా ట్యాక్స్ లేదన్నారుగా, మరి నాకెందుకు కట్ చేశారు?” – పేరోల్ వాళ్ళ జనవరి టు మార్చి

మీరు రాసిందంతా చదివానండి. అకౌంట్స్ నుంచి పేరోల్‌కి (జీతాల లెక్కలకి) మారి ఇంకా ఏడాది కాలేదు, నాలుగొందల మంది స్టాఫ్, చూసేది మీరూ ఇంకో అమ్మాయీ ఇద్దరే, జనవరి నుంచి రోజూ ఎవరో ఒకరు సీటు దగ్గరికొచ్చి గొడవ, దానికి తోడు ఒక సీనియర్ మేనేజర్ గారి రెంట్ రసీదులు ఎలాగోలా పాస్ చేసెయ్యమని హెచ్‌ఆర్ హెడ్ ఒత్తిడి. ప్రతి ఏడూ ఇంతేనా, మళ్ళీ అకౌంట్స్‌కే వెళ్ళిపోనా అని అడిగారు. నేను ఈ పనిలో పదిహేనేళ్ళు దాటిపోయా, మొదట జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో, ఆ తర్వాత వేరే కంపెనీల జీతాలు చేసిపెట్టే చోట. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదవండి. నేను చెప్పే రూల్సూ అంకెలూ 2024-25 సంవత్సరానివి, 2025 మార్చినాటివి.

అవును, ప్రతి ఏడూ ఇంతే. కాకపోతే ఫిబ్రవరిలో మీ మీద పడే కోపం అసలు పుట్టేది ఏప్రిల్‌లో. కొత్త సంవత్సరం మొదలవగానే పోర్టల్ ఓపెన్ చేసి డిక్లరేషన్ (ఈ ఏడు ఏమేం కడతారో, అద్దె ఎంతో) ఇవ్వమంటాం కదా, అప్పుడు జనం ఏం చేస్తారంటే 80సి (ఎల్‌ఐసీ, స్కూల్ ఫీజు లాంటివి) లో లక్షన్నర, 80డి (హెల్త్ ఇన్సూరెన్స్) లో 25 వేలు, రెంట్ ఇంత అని నోటికొచ్చిన అంకెలు కొట్టేస్తారు, ఎందుకంటే ఆ రోజు ఎవరూ ప్రూఫ్ అడగరు, ఎక్కువ కొడితే టేక్ హోమ్ ఎక్కువొస్తుంది. అదొక చేబదులు లాంటిది. తొమ్మిది నెలలు వాడుకుని జనవరిలో తిరిగివ్వమంటే, అడిగినవాడే విలన్.

అంకెలతో చెప్తే మీకూ పనికొస్తుంది, రేపు సీటు దగ్గరికొచ్చిన వాళ్ళకి చూపించొచ్చు. ఒకబ్బాయి జీతం 2024-25లో 14 లక్షలు అనుకోండి, బేసిక్ నెలకి 45 వేలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె అలవెన్సు) 18 వేలు, అద్దె 22 వేలు అని డిక్లేర్ చేశాడు, ఓల్డ్ రెజీమ్ (ఇలాంటి మినహాయింపులన్నీ ఉండే పాత ట్యాక్స్ పద్ధతి). హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు 2,10,000 వస్తుంది (కట్టిన అద్దె 2,64,000లోంచి బేసిక్‌లో పది శాతం 54,000 తీసేస్తే అంతే). స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, ప్రొఫెషనల్ ట్యాక్స్ 2,400, 80సి లక్షన్నర, 80డి 25 వేలు, అన్నీ పోను 9,62,600 మీద సెస్సుతో కలిపి సుమారు 1,09,220 ట్యాక్స్, అంటే నెలకి 9,100. జనవరి దాకా హాయిగా ఇలాగే నడిచింది. ఫిబ్రవరిలో చూస్తే ఓనర్ పాన్ ఇవ్వలేదు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ కావాల్సిందే, కాబట్టి మొత్తం 2,10,000 ఎగిరిపోయింది, కొంత 30 శాతం స్లాబులోకి కూడా ఎక్కింది, ట్యాక్స్ 1,70,850 అయింది. తేడా 61,630 రెండు నెలల్లో లాగాలి. నెలకి 9,100 కట్ అయ్యేవాడికి ఒక్కసారిగా 39,900 కట్! ఈఎంఐ బౌన్స్ అయితే మీదే బాధ్యత అంటాడు, అదీ అందరూ వినేలా.

ఇందులో చిత్రం చూడండి, ఇదే అబ్బాయి న్యూ రెజీమ్‌లో (ఈ మినహాయింపులు లేకుండా రేట్లు తక్కువుండే కొత్త పద్ధతిలో) ఉండుంటే ఏ ప్రూఫూ లేకుండా 75 వేల స్టాండర్డ్ డిడక్షన్‌తో ట్యాక్స్ 1,09,200. అంటే ఆ రసీదులూ ఆ పాలసీలూ ఆ పాన్ గోలా అంతా కలిపి మిగిల్చేది ఏమీ లేదు, ఇరవై రూపాయలు నష్టం కూడా! ఇది అతనికి చెప్తే సగం కోపం దిగిపోతుంది, ఎందుకంటే కంపెనీకి ఇచ్చిన రెజీమ్ మధ్యలో మారదు కానీ రిటర్న్ వేసేటప్పుడు జీతగాళ్ళు గడువు లోపల మార్చుకోవచ్చు. జులైలో న్యూ రెజీమ్ పెట్టుకుని వేస్తే ఆ 61 వేలు రీఫండ్ వస్తాయి. నిజంగా అద్దె కట్టినవాడైతే ఓల్డ్‌లోనే వేసి హెచ్‌ఆర్‌ఏ అక్కడ చూపించుకోవచ్చు. మనం కట్ చేసింది గవర్నమెంట్ దగ్గర అతని పాన్ మీద జమై ఉంటుంది, ఎక్కడికీ పోదు. చాలామందికి ఈ సంగతి తెలీదండి, పేరోల్ వాళ్ళు కట్ చేస్తే డబ్బు పోయినట్టే అనుకుంటారు. నేనైతే ప్రూఫ్ రిజెక్ట్ చేసే ప్రతి మెయిల్‌లోనూ చివర ఈ ముక్క రాస్తాను.

2025లో కొత్తగా తగులుకున్నది మీ మొదటి ప్రశ్న, 12 లక్షల సంగతి. ఫిబ్రవరి 1 శనివారం బడ్జెట్ చదివారు, సోమవారం పొద్దున్నకి ఇన్‌బాక్స్ నిండిపోయింది, మీకొక్కరికే కాదు అందరికీ. టీవీలో 12 లక్షల దాకా నిల్ అన్నారు, ఫిబ్రవరి జీతంలో కట్ అయింది, అంటే పేరోల్ వాళ్ళు తినేస్తున్నారు! చెప్పాల్సింది చిన్నదే. అది 2025 ఏప్రిల్ 1 నుంచి సంపాదించే జీతానికి, ఇప్పుడు నడుస్తున్న 2024-25కి కాదు. పైగా న్యూ రెజీమ్ వాళ్ళకే, జీతగాళ్ళకి స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12,75,000 దాకా. ఓల్డ్ రెజీమ్‌లో ఉంటానంటే 5 లక్షల దాకా నిల్ అనే పాత లెక్కే. దీన్ని ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్తూ కూర్చుంటే మార్చి రన్ (ఆ నెల జీతాల లెక్క) అవ్వదు. నాలుగు లైన్ల మెయిల్ అందరికీ కొట్టండి, సబ్జెక్టులోనే “ఈ ఏప్రిల్ నుంచి, ఈ మార్చికి వర్తించదు” అని పెట్టండి, ఎందుకంటే మెయిల్ లోపలికెళ్ళి చదివేవాళ్ళు తక్కువ. ఏప్రిల్‌లో ఇంకో మెయిల్ తప్పదు, ఈసారి ఓల్డ్ రెజీమ్ ఎవరెవరికి ఇంకా లాభమో చాలామంది లెక్కలు తారుమారవుతాయి, ఏమీ చెప్పకుండా ఊరుకున్న వాళ్ళు డిఫాల్ట్‌గా న్యూ రెజీమ్‌లోకి వెళ్తారు అని కూడా రాయండి.

ఇక ప్రూఫులు. సగం చిరాకు ఇక్కడే. బ్యాంకు ఇచ్చిన పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్ పాస్‌వర్డ్ చెప్పకుండా అప్‌లోడ్ చేస్తారు, ఎల్‌ఐసీ రసీదు ట్యూబ్‌లైట్ మెరుపు పడేలా ఫోన్‌లో ఫోటో తీసి పెడతారు, ఏదడిగినా పోయినేడు ఓకే చేశారుగా అంటారు. వీటికి మందు లేదు కానీ కొన్ని చోట్ల కొత్తవాళ్ళు అటూ ఇటూ చేస్తుంటారు, అవి చెప్తా. అమ్మానాన్నల పేరున కట్టిన ఎల్‌ఐసీ ప్రీమియం 80సిలో రాదు, తనకీ భార్యకీ లేదా భర్తకీ పిల్లలకీ మాత్రమే, కానీ అదే అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్ అయితే 80డిలో వస్తుంది, సీనియర్ సిటిజన్లయితే 50 వేల దాకా, ప్రీమియం క్యాష్‌గా కడితే మాత్రం రాదు. ఈ రెండూ కలగాపులగం చేసేవాళ్ళు ప్రతి కంపెనీలో ఉంటారు. స్కూల్ ఫీజు రసీదులో మన దగ్గర చాలా స్కూళ్ళు అన్నీ కలిపి ఒకే అంకె వేస్తాయి, బస్సూ పుస్తకాలూ యూనిఫామూ పోను ట్యూషన్ ఫీజు ఎంతో విడిగా రాయించుకు రమ్మనండి, అదొక్కటే చెల్లుతుంది, ఇద్దరు పిల్లల వరకే. నార్సింగిలోనో తెల్లాపూర్‌లోనో ఫ్లాట్ బుక్ చేసుకుని లోన్ ఇంట్రెస్ట్ క్లెయిమ్ చేసేవాళ్ళని పొజెషన్ లెటర్ అడగండి, ఇంకా కడుతున్న ఇంటికి ఇంట్రెస్ట్ రాదు, ఇల్లు చేతికొచ్చాక అప్పటిదాకా కట్టిన వడ్డీ ఐదేళ్ళలో సమానంగా తీసుకోవచ్చు, వాళ్ళకి మండుతుంది, మండనివ్వండి.

దీనికి రివర్స్ కూడా ఉంది. హెచ్‌ఆర్‌ఏ, హోమ్ లోన్ రెండూ పెట్టారని కొత్తవాళ్ళు టక్కున రిజెక్ట్ కొట్టేస్తారు. విజయవాడలో ఇల్లు కొనుక్కుని మాదాపూర్‌లో అద్దెకుంటే రెండూ వస్తాయండి, తప్పేం లేదు. మనం అనవసరంగా రిజెక్ట్ చేసిన ఒక్క కేసు దొరికితే చాలు, సరిగ్గా రిజెక్ట్ చేసిన వందా కూడా అనుమానంగానే చూస్తారు. ఇంకోటి, హైదరాబాద్ మెట్రో కాదా అని అరిచేవాళ్ళకి: 2024-25 హెచ్‌ఆర్‌ఏ లెక్కలో బేసిక్‌లో 50 శాతం పరిమితి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైకే, మనకి 40. మెట్రో రైలు ఉంటే మెట్రో అవ్వదు అని చెప్పి చెప్పి నోరు పడిపోయింది నాకు.

పిల్లల్ని అమెరికా పంపినవాళ్ళు మీ దగ్గర ఉన్నారేమో చూడండి, ఫీజుల కోసం బ్యాంకులో డాలర్లు పంపినప్పుడు 2024-25లో 7 లక్షలు దాటినదాని మీద టీసీఎస్ (ముందే వసూలు చేసే ట్యాక్స్) పట్టుకునేవారు, 10 లక్షలు దాటిన కారు కొన్నా ఒక శాతం పట్టుకుంటారు. 2024 అక్టోబర్ నుంచి ఫారం 12బీఏఏ ఇస్తే అది జీతం టీడీఎస్‌లో (జీతంలోంచి మనం కట్ చేసే ట్యాక్స్‌లో) సర్దొచ్చు, తన పాన్ మీద పడిన టీసీఎస్ అయ్యుండాలి. ఇది చాలామంది ఉద్యోగులకి తెలీదు. ఏడాదంతా తిట్లు తినే మనం ఒక మనిషికి పదివేలో ఇరవైవేలో మార్చి కటింగ్‌లో తగ్గిస్తే వాళ్ళు మనల్ని మర్చిపోరు, స్వీట్లు కూడా తెచ్చిస్తారు.

ఇప్పుడు ఆ మేనేజర్ గారు. మీరు రాసిన ప్రకారం కూకట్‌పల్లిలో వాళ్ళమ్మగారి ఇంట్లో ఉంటున్నారు, నెలకి 49 వేలు క్యాష్‌గా ఇస్తున్నానంటున్నారు, పన్నెండు రసీదులూ పెట్టారు. ఆ 49 దగ్గరే ఆగాలి మీరు. నెలకి 50 వేలు దాటితే అద్దె కట్టేవాడే టీడీఎస్ కట్ చేసి కట్టాలి, 2024 అక్టోబర్ నుంచి అది 2 శాతం, అందుకని ఈ అంకె మన ఫీల్డ్‌లో బాగా ఫేమస్. కింద లెవెల్లో దీని తమ్ముడు 8,333, ఎందుకంటే పన్నెండుతో గుణిస్తే 99,996, లక్ష దాటదు, పాన్ అక్కర్లేదు. మీ షీట్‌లో రెంట్ కాలమ్ మీద ఫిల్టర్ పెట్టి 8,300కీ 8,333కీ మధ్య ఎంతమంది ఉన్నారో చూడండి సరదాగా. అయితే అంకె అనుమానంగా ఉందని రిజెక్ట్ చేయకూడదు, అది ప్రూఫ్ అడగడానికి కారణం అంతే.

తల్లిదండ్రులకి అద్దె కట్టడం తప్పు కాదు, చట్టం కాదనదు. ఇల్లు ఆవిడ పేరున ఉండాలి, డబ్బు నిజంగా వెళ్ళాలి, ఆవిడ దాన్ని ఆదాయంగా చూపించుకోవాలి. కాబట్టి మీరు అడగాల్సింది ఆవిడ పేరున జీహెచ్‌ఎంసీ ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, రెంటల్ అగ్రిమెంట్, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వెళ్ళిందో బ్యాంక్ స్టేట్‌మెంట్, కనీసం నెలనెలా ఆ మొత్తం డ్రా చేసినట్టయినా. రసీదులు ఒకసారి వరసగా టేబుల్ మీద పరిచి చూడండి. స్టేషనరీ షాపులో కొన్న బుక్కులోంచి వరస నంబర్లు, పన్నెండిటికీ ఒకే ఇంకు, సంతకం ఏప్రిల్ రసీదు మీద ఎక్కడుందో మార్చి రసీదు మీదా మిల్లీమీటర్ తేడా లేకుండా అక్కడే, రెవెన్యూ స్టాంపులన్నీ ఒకే షీట్‌లోంచి చింపినట్టు ఒకదాని అంచు ఇంకోదానికి సరిపోతుంది. పైగా మార్చి నెల అద్దె ముట్టినట్టు రసీదు జనవరిలోనే! ఇలాంటివి చూసినప్పుడు మీరు పోలీసు అవ్వక్కర్లేదు, ఇంకో పేపర్ అడిగితే చాలు, నిజంగా కడుతున్నవాళ్ళు రెండ్రోజుల్లో తెచ్చిస్తారు, మిగతావాళ్ళు మీ బాస్ దగ్గరికి వెళ్తారు.

పాన్ కూడా చూడండి. నాలుగో అక్షరం పి ఉంటే మనిషి, సి ఉంటే కంపెనీ, ఎఫ్ ఉంటే ఫర్మ్, హెచ్ ఉంటే హిందూ ఉమ్మడి కుటుంబం. ఓనర్ పేరు సుబ్బమ్మ గారు అని రాసి పాన్‌లో నాలుగో అక్షరం సి ఉంటే అది ఎక్కడిదో గూగుల్‌లో దొరికిన నంబర్. ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం అంటారు కానీ దాని మీద పట్టు పట్టొద్దు, మనవాళ్ళు అప్లికేషన్‌లో ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట తిరగేసి రాసేస్తారు కాబట్టి సగం తెలుగువాళ్ళకి అది పేరులో అక్షరమే ఉంటుంది.

హెచ్‌ఆర్ హెడ్ గారికి ఏం చెప్పాలి అంటారా. ఎదురు మాట్లాడొద్దు, కుదరదు అని కూడా అనొద్దు. “సర్, సెక్షన్ 192 కింద ఎవిడెన్స్ తీసుకోవాల్సింది కంపెనీయే, ఈ రసీదులకి ఫలానా మూడు పేపర్లు రాలేదు, అయినా అలౌ చేయమంటే ఈ మెయిల్‌కి అప్రూవ్డ్ అని రిప్లై ఇవ్వండి” అని మర్యాదగా రాసి పంపండి, ఫైనాన్స్ హెడ్‌ని సీసీలో పెట్టండి. నోటితో ఎంత గట్టిగా చెప్పినవాళ్ళయినా అప్రూవ్డ్ అని టైప్ చేయడానికి వెనకాడతారు. మేనేజర్ గారికి విడిగా, మీ క్లెయిమ్ కరెక్ట్ అయితే రిటర్న్‌లో మీరే చూపించుకోండి సర్, రీఫండ్ వస్తుంది అని చెప్పండి. అప్పుడు ఆ క్లెయిమ్ ఆయన సంతకం మీద వెళ్తుంది, తప్పుడు వివరాలని తేలితే తప్పించుకున్న ట్యాక్స్‌కి రెట్టింపు పెనాల్టీ పడొచ్చు, అది ఆయన చూసుకుంటారు. ఒకవేళ పైవాళ్ళు అప్రూవ్ చేసేస్తే చేసేయండి, మెయిల్ పీడీఎఫ్ తీసి ఫైల్‌లో పెట్టుకోండి, రాత్రి నిద్ర పాడుచేసుకోవద్దు, కంపెనీని కాపాడే బరువంతా మీ భుజాల మీద లేదు.

ఇంకోటి, మార్చి 31తో అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. మామూలు నెలల టీడీఎస్ తర్వాతి నెల 7వ తేదీకి కట్టాలి, మార్చిది ఏప్రిల్ 30కి. 7 కాకుండా 8న కడితే ఒక్కరోజు ఆలస్యానికి ఒకటిన్నర శాతం వడ్డీ అనుకుంటారు, కాదు, కట్ చేసిన నెలా కట్టిన నెలా రెండూ లెక్కేసి మూడు శాతం అడుగుతుంది ట్రేసెస్ (టీడీఎస్ లెక్కలు చూసే ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్). తర్వాత మే 31కి 24క్యూ (జీతాల టీడీఎస్ రిటర్న్), అది లేటైతే రోజుకి 200. ఆ తర్వాత ట్రేసెస్ నుంచి పార్ట్ ఎ దించుకుని జూన్ 15కి ఫారం 16 (ఏడాదికి ఎంత కట్ చేశామో ఉద్యోగికిచ్చే సర్టిఫికెట్). మార్చిలో గొడవపడినవాళ్ళే జూన్ 1 నుంచి ఫారం 16 ఏది అని మొదలుపెడతారు. మధ్యలో జాయినైన వాళ్ళకి పాత కంపెనీ జీతం ఫారం 12బీలో తీసుకున్నారో లేదో ఇప్పుడే చూసుకోండి, తీసుకోకపోతే రెండు కంపెనీలూ స్లాబులూ స్టాండర్డ్ డిడక్షనూ రెండుసార్లు ఇచ్చేసి ఉంటాయి, జులైలో వాళ్ళకి యాభై అరవై వేలు కట్టాల్సొస్తుంది, తిట్లు మనకే.

వచ్చే ఏడు కొంచెమైనా తగ్గాలంటే ఒక్కటే పని నాకు నిజంగా ఫలితమిచ్చింది. ప్రూఫులు జనవరిలో అడగడం మానేసి అక్టోబర్‌లో ఒక రౌండ్ పెట్టండి, అప్పటిదాకా ఉన్నవి ఇవ్వమనండి, రెంట్ అగ్రిమెంటూ ఓనర్ పాన్ మాత్రం అప్పుడే కంపల్సరీ. ఇవ్వనివాళ్ళకి నవంబర్ నుంచే హెచ్‌ఆర్‌ఏ తీసేసి కట్ చేయండి. పైన లెక్కలో 61,630 ఐదు నెలల మీద పడితే నెలకి 12 వేల పైచిల్లర, మనిషి అరుస్తాడు కానీ ఈఎంఐ బౌన్స్ అవ్వదు, తెచ్చిచ్చాక ఎలాగూ తగ్గించేస్తాం. మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు మొదట, ఉద్యోగులు హర్ట్ అవుతారు అంటారు. ఫిబ్రవరి పేస్లిప్పుల్లో ఎంతమందికి నెట్ పే సగానికి పడిపోయిందో లిస్ట్ తీసి చూపించండి, ఆ లిస్టు ఇప్పుడే తీసి దాచుకోండి, అక్టోబర్‌కి ఎవరికీ గుర్తుండదు. (గవర్నమెంట్ టీచర్లు నయం, ఫిబ్రవరి జీతం బిల్లు టైముకి ఎవరి ఐటీ ఫారం వాళ్ళే ఎక్సెల్‌లో నింపి డీడీఓకి (జీతం బిల్లు పెట్టే అధికారికి) ఇస్తారు, వాళ్ళలో వాళ్ళే లెక్కలొచ్చిన మాస్టారు ఒకరుంటారు స్కూలుకి.)

అకౌంట్స్‌కి వెళ్ళిపోవాలా అని అడిగారు. అక్కడ ఆడిట్ ఉంటుంది, జీఎస్టీ ఉంటుంది, గొడవ వేరే నెలల్లో ఉంటుంది. మనుషులతో గొడవ అసలు పడదు నాకు అనుకుంటే వెళ్ళిపోండి, అందులో నామోషీ ఏం లేదు. కానీ మీరు రాసిన దాంట్లో 49 వేలు చూసి డౌట్ వచ్చిందని మీరే అన్నారు, ఎవరూ చెప్పకుండా. అది అందరికీ రాదు. ఒక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా మీ చేతులతో మీరే సెట్ చేసిన సైకిల్ నడిపి చూసి అప్పుడు నిర్ణయం తీసుకోండి, ఇప్పుడు నడుస్తున్నది మీ ముందున్నవాళ్ళు వదిలేసిపోయిన డిక్లరేషన్లది. ఇద్దరు చాలరు కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా ప్రూఫులు చెక్ చేయడానికి ఒక టెంపరరీ మనిషిని అడగండి, ఇప్పుడైతే ఇస్తారు, అందరికీ ఇంకా చెవుల్లో అరుపులున్నాయి.

మార్చి రన్ లాక్ చేసేముందు ఇంకొక్క సంగతి, ఫారం 16 మీద సంతకం పెట్టే డిజిటల్ సిగ్నేచర్ ఎవరి పేరున ఉందో, అది ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో ఇవాళే చూడండి. డైరెక్టర్ గారి పేరున ఉంటే జూన్ మొదటివారంలో ఆయన ఊళ్ళో ఉంటారా లేదా కూడా కనుక్కోండి, ఆ సిగ్నేచర్ ఉండే యూఎస్‌బీ టోకెన్ ఆయన బ్యాగులో అమెరికా వెళ్ళిపోతే నాలుగొందల ఫారం 16లు ఆగిపోతాయి.